పదవీ విరమణ పొదుపులో బంగారం పక్కన వెండి: ఎలా కొనాలి, ఎలా దాచాలి, ఎలా అమ్మాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇళ్లలో తులం బంగారం కొంటే ఆస్తి పెరిగిందని లెక్కవేసుకుంటారు గానీ, వెండి అంటే పట్టగొలుసులు, పూజ సామాను మాత్రమే. పదవీ విరమణ కోసం వెండి కూడబెట్టదలచినవారు ముందుగా ఆ సొమ్ములను లెక్కలోంచి తీసివేయాలి. వాటిలో ఇతర లోహం కలిసి ఉంటుంది. కొనేటప్పుడు మజూరి, తరుగు మనమే చెల్లిస్తాం, అమ్మేటప్పుడు మాత్రం దుకాణదారుడు టంచు (లోహంలో అసలు వెండి ఎంతో తేల్చే పరీక్ష) చూసి అసలు వెండికే ధర కడతాడు.

పొదుపు కోసమైతే 999 నాణ్యత (అంటే 99.9 శాతం స్వచ్ఛత) గల కడ్డీలు, నాణేలు కొనాలి. కడ్డీ మీద తయారీదారు ముద్ర, బరువు, నాణ్యత చెక్కి ఉన్నాయో లేదో చూసి, 3 శాతం జీఎస్టీతో కూడిన బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా ధర తగ్గిస్తామనే మాటకు లొంగకూడదు. తిరిగి అమ్మితే ఆనాటి ధరలో ఎంత కోస్తారో కొనే రోజే అడగాలి. ఒకే కిలో కడ్డీ కంటే 100 గ్రాములవి పది కొనడం మేలు, ఎందుకంటే అవసరమైనంత మేరకే అమ్ముకోవచ్చు. అయితే కడ్డీలను కుదువ పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవడం కుదరదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వెండి నగల మీద 10 కిలోల వరకు, నాణేల మీద 500 గ్రాముల వరకే అప్పు ఇస్తారు. అందువల్ల ఆ 500 గ్రాములు నాణేల రూపంలోనూ, మిగిలినది కడ్డీల రూపంలోనూ ఉంచుకోవడం తెలివైన పని.

ఎంత కొనాలన్నది అన్నిటికంటే ముఖ్యం. 1980 జనవరిలో ఔన్సు (సుమారు 31 గ్రాములు) 50 డాలర్ల దాకా వెళ్లిన వెండి, అదే ఏడాది మార్చి చివరికి 11 డాలర్ల లోపుకు పడిపోయింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ ఆ ఎత్తుకు చేరువై వెనక్కి తగ్గి, చివరకు 2025 అక్టోబర్‌లో గానీ దాన్ని దాటలేదు. వెండి గిరాకీలో సగానికి పైగా సౌర ఫలకాలు, ఎలక్ట్రానిక్స్ వంటి పరిశ్రమలదే కాబట్టి, పరిశ్రమలు మందగిస్తే ధర కూడా కుంగుతుంది. బంగారానికైతే కేంద్ర బ్యాంకుల కొనుగోళ్ల దన్ను ఉంటుంది. కనుక బంగారం విలువలో నాలుగో వంతుకు మించి వెండి పెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం. విరమణ తర్వాత మొదటి ఐదేళ్ల ఇంటి ఖర్చుకు కావలసిన డబ్బును ఇందులో అసలే పెట్టకూడదు, ఎందుకంటే వెండి వడ్డీ ఇవ్వదు.

దాచడంలోనే అసలు చిక్కు ఉంది. సమాన విలువ గల బంగారంతో పోలిస్తే వెండి బరువు పదుల రెట్లు ఎక్కువ కావడంతో చిన్న లాకరు త్వరగా నిండిపోతుంది. పైగా దొంగతనం, అగ్నిప్రమాదం వంటివి జరిగినప్పుడు బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు 100 రెట్ల వరకే. గాలిలోని గంధక వాయువులు తగిలితే వెండి నల్లబడుతుంది. గాలి చొరబడని సంచుల్లో ఉంచాలి, రబ్బరు బ్యాండ్లు చుట్టకూడదు. నల్లబడినా దాని విలువ పోదు కాబట్టి కడ్డీలను తోమి అరగదీయకూడదు.

అమ్మేటప్పుడు నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా కనీసం రెండు దుకాణాల్లో ధర అడిగి, తూకం, టంచు మీ ఎదుటే వేయించాలి. డబ్బు బ్యాంకు ఖాతాలోకే తీసుకోవాలి. ఒకరి నుంచి ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై పన్ను 12.5 శాతం, సెస్సు అదనం. అంతకు ముందే అమ్మితే ఆ లాభం మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. వారసులు అమ్మినా మీరు కొన్న ధర, తేదీలనే లెక్కకు తీసుకుంటారు గనుక, బిల్లుల నకళ్లను, కడ్డీల బరువులు రాసిన జాబితాను లాకరు బయట ఒక చోట ఉంచి, లాకరుకు నామినీ పేరు నమోదు చేయించాలి.