ముద్ర సరే, పెట్టె కింద చూశారా?

మొన్న ఆదివారం కూకట్‌పల్లి నుంచి కొత్తగా దిగిన తమ్ముడొకడి ఇంటికి వెళ్లాను. అట్టపెట్టె మీద కంచం పెట్టుకుని తింటున్నాడు. "సామాను పోర్టులో ఆపేశారన్నా, చెక్క గురించి ఏదో అంటున్నారు" అన్నాడు. నా మొదటి మూడు నెలలు కళ్లముందు తిరిగాయి. హైదరాబాద్ నుంచి అమెరికాకి సామాను వేయబోయేవాళ్లు ముందే చదువుకోండి.

పాస్‌పోర్టు కాపీలు, సామాన్ల లిస్టు ప్యాకర్లవాళ్లే వెంటపడి తీసుకుంటారు. చెక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ప్యాకింగు చెక్కకి ఐఎస్‌పీఎం 15 అని అంతర్జాతీయ నియమం ఉంది, 2002లో వచ్చింది. చాదస్తం అనుకోకండి. 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బయటపడ్డ, చెట్లని తొలిచే పొడుగు మీసాల పురుగు ఇలాంటి చెక్కలో దాక్కుని ఆసియా నుంచి వచ్చిందంటారు. దానివల్ల వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. అందుకే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు ఆగకుండా తగలాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుల్ని చంపే వాయువు పట్టించాలి (దీన్నే ఫ్యూమిగేషన్ అంటారు). అలా చేసిన చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, ఐఎన్ అని దేశం కోడ్, తయారీదారు నంబరు, హెచ్‌టీ (వేడి) లేదా ఎంబీ (మిథైల్ బ్రోమైడ్) అని ముద్ర ఉంటుంది.

నా చెక్కపెట్టె మీద ఆ ముద్ర ఉంది. "ఫికర్ చెయ్యకండి సార్" అన్నాడు ప్యాకరు, నేనూ చేయలేదు. ఫోర్క్‌లిఫ్ట్ దూరడానికి జాగా కావాలని చివర్లో వాళ్ల కుర్రాడు మూలనున్న పాత ముక్కలు మూడు కింద కొట్టాడు. ఒకదానికి అరచేయంత బెరడు అలాగే అంటుకుని ఉంది. అమెరికా పోర్టు తనిఖీలో దొరికింది అదే. కంటైనర్ నలుగురిది కావడంతో ముక్కూ మొహం తెలియని ముగ్గురి సామాను కూడా నావల్ల ఆగింది. సామాను విడదీసిన ఖర్చు, చెక్క వెనక్కి పంపిన ఖర్చు నా నెత్తిన. ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందనుకున్నా. అక్కడ చూసేది ముద్రని, కాగితాన్ని కాదు.

కాబట్టి మేకులు కొట్టేటప్పుడు దగ్గర నిలబడండి బాబూ! ఆ గంట టీ తాగడానికి పోవద్దు. పెట్టెని పక్కకి వంచమని కింద టార్చి వేసి చూడండి. లోపల గ్రైండరు కదలకుండా పెట్టే దిమ్మెలూ చూడండి. ముద్ర ఎదురెదురు పక్కల రెండు చోట్ల ఉంటే మంచిది, చేత్తో గీసింది చెల్లదు. ఫోటో తీసుకోండి. "ప్లైవుడ్ పెట్టెకి ఇవేం అక్కర్లేదు" అంటారు. ప్లైవుడ్‌కి అక్కర్లేదు నిజమే, దాని మూలలకి కొట్టిన చెక్క రీపర్లు ప్లైవుడ్డా? వాటికి కావాలి. టేకు మందిరం, మంచం లాంటివి ప్యాకింగు కాదు, వాటి నియమాలు వేరు, విడిగా కనుక్కోండి.

సరే, మరీ బెదరగొట్టాను. అట్టపెట్టెల్లో వచ్చే బట్టలకీ గిన్నెలకీ ఈ గొడవే లేదు. ఒకసారి వేడి పట్టించిన చెక్కని కోయకుండా, మార్చకుండా ఉన్నంత కాలం ఆ ముద్ర చెల్లుతుంది. నా సామాను కూడా చివరికి వచ్చింది, గ్రైండరు రాయి పగలకుండా. తమ్ముడికి ప్రస్తుతానికి మా పాత పరుపు, రెండు కుర్చీలు ఇచ్చి వచ్చాను.