రోటరీ పెట్టారా? ముందు టేపు మీద చూడండి

బేగంబజార్‌లో కొన్న రంగు పూత స్టీలు బాటిళ్ల మీద లేజర్ మెషీన్‌తో పేర్లు చెక్కడం మొదలుపెట్టిన కొత్తలో, గుండ్రంగా రావాల్సిన లోగో కోడిగుడ్డులా వచ్చింది. లేజర్ తప్పు కాదు, బాటిల్‌ను తిప్పే పరికరానికి, అంటే రోటరీకి, నేను ఇచ్చిన కొలత తప్పు.

బాటిల్‌ను రోలర్ల మీద పడుకోబెట్టి తిప్పే రోలర్ రోటరీ అయితే సాఫ్ట్‌వేర్‌లో రోలర్ వ్యాసం ఇవ్వాలి. బాటిల్ ఎంత లావున్నా దాని ఉపరితలం రోలర్‌తో సమానంగానే జరుగుతుంది. బాటిల్‌ను ఒక చివర బిగించి తిప్పే చక్ రోటరీకి మాత్రం బాటిల్ వ్యాసమే కావాలి. వ్యాసం కొలిచే వెర్నియర్ లేకపోతే దారం చుట్టి కొలిచి, 3.14తో భాగించండి.

తర్వాత బాటిల్‌కి పేపర్ టేపు చుట్టి, తక్కువ పవర్‌లో 30 మి.మీ. చతురస్రం గీయించండి. రోలర్ మీద తిరిగే దిశలో 28 వచ్చిందనుకోండి, సాఫ్ట్‌వేర్‌లో ఒక చుట్టుకు ఇచ్చిన స్టెప్స్‌ను (మోటారు వేసే చిన్న అడుగుల లెక్క) 30తో గుణించి 28తో భాగించి మార్చండి. టేపు ముక్క పోతే పోనీ, బాటిల్ పాడైతే కస్టమర్ ఊరుకోడు కదా!

మూతి వైపు సన్నబడే బాటిల్ అయితే, చెక్కే చోటు లెవెల్‌గా వచ్చేలా ఒక పక్క ఎత్తు పెట్టండి. లేదంటే ఒక చివర ఫోకస్ పోయి అక్షరాలు మసకబారతాయి.

అన్నట్టు, లేజర్‌ను ముందుకూ వెనక్కూ జరిపే వై మోటారు కేబుల్ తీసి రోటరీకి గుచ్చే ముందు మెషీన్ ఆపేయండి. కరెంటు ఉండగా పీకితే మోటారును నడిపే సర్క్యూట్ (డ్రైవర్) కాలిపోవచ్చు.