జిట్ కోడ్ క్రాష్ అవుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మామూలు ప్రోగ్రాంలో చాలా తప్పులను కంపైలరో లింకరో ముందే పట్టుకుంటాయి. జిట్ (జస్ట్ ఇన్ టైమ్) అంటే ప్రోగ్రాం నడుస్తుండగానే మెషిన్ కోడ్ తయారుచేసే కంపైలర్. అది రాసేటప్పుడు ఆ రెండు పనులూ మనవే. మెషిన్ కోడ్ బైట్లు మనమే పేర్చి, మెమరీలో పెట్టి, ఆ అడ్రస్‌కు దూకమని ప్రాసెసర్‌కు చెబుతాం. బైటు ఒకటి తప్పినా, పేజీ (సిస్టమ్ మెమరీని పంచే ముక్క) పర్మిషన్ తప్పినా, స్టాక్ పక్కకు జరిగినా ఎక్కువసార్లు తెర మీద కనిపించేది ఒకటే: సెగ్మెంటేషన్ ఫాల్ట్. దాంతో టెన్షన్ పడి, కోడ్ ఎమిట్ చేసే ఫంక్షన్లన్నీ మొదటి నుంచి చదువుతూ కూర్చుంటారు చాలామంది. అలా చేయకండి. ముందు క్రాష్‌ను చదవండి. ఏ సిగ్నల్ వచ్చింది, ఫాల్ట్ అయిన అడ్రస్ ఏది, ఆ సమయానికి ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఎక్కడుంది? జీడీబీ అనే డీబగ్గర్ ఈ మూడూ వెంటనే చెబుతుంది. సగం కారణాలు ఇక్కడే తేలిపోతాయి.

కింద చెప్పేవన్నీ సీ భాష, లైనక్స్, 64 బిట్ ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ అనుకుని చెబుతున్నాను. ఆర్మ్, మ్యాక్, విండోస్‌లో తేడా ఉన్న చోట అక్కడే చెబుతాను.

ఏ సమస్యకైనా ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. 184, 42, 0, 0, 0, 195. దశాంశంలో రాసిన ఈ ఆరు బైట్లు ఒక పూర్తి ఫంక్షన్: 42ని రిటర్న్ రిజిస్టర్‌లో పెట్టి వెనక్కి వస్తుంది. మీ జిట్ వాడే మెమరీ కోడ్‌తోనే ఈ ఆరింటినీ నడపండి. 42 వచ్చిందా, మెమరీ భాగం బాగుంది, తప్పు ఎమిటర్‌లో, అంటే బైట్లు పేర్చే మీ కోడ్‌లో ఉంది. రాలేదా, ఎమిటర్ జోలికి ఇంకా వెళ్ళొద్దు.

మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే సెగ్మెంటేషన్ ఫాల్ట్

ఫాల్ట్ అయిన అడ్రస్, ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ రెండూ ఒకటే అయితే, ఆ అడ్రస్ మీ బఫర్‌లోదే అయితే, కారణం దాదాపు ఖాయం: ఆ పేజీకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేదు. సీలో మామూలుగా మెమరీ అడిగే మాలాక్ ఇచ్చిన చోట డేటా పెట్టుకోవచ్చు, కోడ్ నడపలేం. 2003లో వచ్చిన ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లలో పేజీని "ఇక్కడ కోడ్ నడపకు" అని గుర్తుపెట్టే బిట్ ఉంది. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ దాన్ని వాడుతున్నాయి.

సిస్టమ్ నుంచి నేరుగా పేజీలు ఇచ్చే ఎంమ్యాప్ కాల్‌తో రీడ్, రైట్ పర్మిషన్లున్న పేజీలు తీసుకోండి. బైట్లు రాయండి. తర్వాత పేజీ పర్మిషన్ మార్చే ఎంప్రొటెక్ట్‌తో రైట్ తీసేసి రీడ్, ఎగ్జిక్యూట్ ఇవ్వండి. విండోస్‌లో ఇదే పని వర్చువల్‌అలాక్, వర్చువల్‌ప్రొటెక్ట్ చేస్తాయి.

ఇక్కడ రెండు చోట్ల జారిపడతారు. ఎంమ్యాప్ విఫలమైతే నల్ ఇవ్వదు, మైనస్ 1 ఇస్తుంది. నల్ కోసం చెక్ చేసే కోడ్ ఆ విఫలాన్ని చూడకుండానే ముందుకెళ్ళి, బైట్లు కాపీ చేసే దగ్గర చచ్చిపోతుంది. ఇక ఎంప్రొటెక్ట్‌కు ఇచ్చే అడ్రస్ పేజీ మొదలు నుంచే ఉండాలి. లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రర్ మనం చూడం, పర్మిషన్ మాత్రం మారదు. పేజీ సైజు 4096 అని కోడ్‌లో రాసేయకండి. యాపిల్ సిలికాన్ మీద అది 16384. సిస్టమ్‌నే అడిగి తెలుసుకోండి.

మూడు పర్మిషన్లూ ఒకేసారి ఇచ్చేస్తే పని సులువవుతుంది కదా అంటారు. అవుతుంది, దాడి చేసేవాడికి కూడా. మీ ప్రోగ్రాంలో ఎక్కడో ఒక బఫర్ ఓవర్‌ఫ్లో ఉంటే, అతను రాసిన బైట్లు నడవడానికి చోటు మీరే చూపించినట్టు. రాసే పేజీ నడవకూడదు, నడిచే పేజీలో రాయకూడదు అన్న నియమాన్ని ఓపెన్‌బీఎస్‌డీ 2003లోనే తన సిస్టమ్‌లోకి తెచ్చింది. నేర్చుకునే ప్రోగ్రాంలో కూడా మొదటి రోజు నుంచే దీన్ని పాటించమని నా గట్టి సలహా. తర్వాత మార్చడం చాలా కష్టం.

టెర్మినల్‌లో నడుస్తుంది, సర్వీస్‌గా పెడితే నడవదు

కోడ్ అదే, మెషిన్ అదే, సర్వర్‌లో మాత్రం ఎంమ్యాప్ లేదా ఎంప్రొటెక్ట్ పర్మిషన్ లేదంటుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఆ సర్వీస్ యూనిట్ ఫైల్ (సెట్టింగ్‌ల ఫైల్) తెరిచి "మెమరీ డినై రైట్ ఎగ్జిక్యూట్" అనే సెట్టింగ్ ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే, రైట్, ఎగ్జిక్యూట్ కలిపి అడిగినా ఒప్పుకోదు, ఉన్న పేజీని తర్వాత ఎగ్జిక్యూట్‌కు మార్చినా ఒప్పుకోదు. అంటే పైన చెప్పిన మంచి పద్ధతి కూడా ఆగిపోతుంది. జిట్ అవసరమైన ఆ ఒక్క సర్వీస్‌కు దాన్ని ఆఫ్ చేయండి, మిగతావాటి జోలికి వెళ్ళకండి.

ఫెడోరా, రెడ్ హ్యాట్ లాంటి వాటిలో అయితే ఏ ప్రోగ్రాం ఏం చేయవచ్చో పాలసీతో నియంత్రించే ఎస్‌ఈలినక్స్ కూడా అనుమానితుడే. ఆడిట్ లాగ్‌లో ఎగ్జెక్‌మెమ్ డినైడ్ అని కనిపిస్తే ఆ ప్రోగ్రాం డొమైన్‌కు పాలసీలో అనుమతి ఇవ్వాలి. ఎగ్జెక్‌హీప్ అని వస్తే మాత్రం తప్పు మీదే: మాలాక్ మెమరీని ఎగ్జిక్యూటబుల్ చేస్తున్నారు. పాలసీ మార్చకండి, కోడ్ మార్చండి. ఎస్‌ఈలినక్స్‌నే మొత్తంగా ఆపేయమని చెప్పేవాళ్ళ మాట వినొద్దు.

యాపిల్ సిలికాన్ మ్యాక్‌లో బైట్లు రాసే దగ్గరే క్రాష్

ఇక్కడ ఎంమ్యాప్‌కు మ్యాప్ జిట్ అనే ఫ్లాగ్ ఇవ్వాలి. ఆ మెమరీలో రాసే ముందు రైట్ ప్రొటెక్షన్‌ను పీథ్రెడ్ ఫంక్షన్‌తో ఆఫ్ చేసి, రాశాక ఆన్ చేయాలి. ఈ స్విచ్ ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉంటుంది. ఒక థ్రెడ్‌లో తీసి ఇంకో థ్రెడ్‌లో రాస్తే క్రాషే. హార్డెన్డ్ రన్‌టైమ్‌తో సైన్ చేసిన యాప్ అయితే అలౌ జిట్ అనే ఎన్‌టైటిల్‌మెంట్ (సైన్ చేసేటప్పుడు ఇచ్చే అనుమతి) కూడా కావాలి.

ఇంటెల్‌లో బాగుంది, ఆర్మ్ బోర్డు మీద ఒకసారి వస్తుంది ఒకసారి రాదు

రాస్‌బెరీ పై మీద నడిపితే ఒకసారి సరైన జవాబు, ఒకసారి పాత ఫంక్షన్ జవాబు, ఇంకోసారి ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. డీబగ్గర్‌లో ఒక్కో అడుగూ నడిపిస్తే అంతా బాగుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే బైట్లను అనుమానించకండి.

మనం రాసిన బైట్లు డేటా క్యాష్‌లోకి వెళతాయి. ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు తెచ్చుకునేది వేరే క్యాష్ నుంచి. ఇంటెల్, ఏఎండీలలో ఈ రెండింటినీ హార్డ్‌వేరే కలిపి ఉంచుతుంది కాబట్టి మనకు ఈ విషయమే తెలియదు. ఆర్మ్‌లో ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. రాయడం పూర్తయ్యాక, నడిపే ముందు, జీసీసీ, క్లాంగ్ ఇచ్చే క్లియర్ క్యాష్ బిల్టిన్‌ను బఫర్ మొదలు, చివర ఇచ్చి పిలవండి. మ్యాక్‌లో సిస్ ఐక్యాష్ ఇన్‌వాలిడేట్, విండోస్‌లో ఫ్లష్ ఇన్‌స్ట్రక్షన్ క్యాష్. ఇంటెల్ మీద దాని ఖర్చు దాదాపు సున్నా, కాబట్టి ఎప్పుడూ పిలిచేలానే రాయండి.

42 వస్తుంది కానీ, సీ ఫంక్షన్‌ను పిలిస్తే క్రాష్

జిట్ రాసేవాళ్ళు ఎక్కువ రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఎక్కడ ఆగిందో చూసి మూడు దారులు విడదీయండి.

పాయింటర్ ఎక్కడా లేని అడ్రస్‌లో ఉంటే, కాల్ తప్పు చోటికి దూకింది. మామూలు కాల్ ఇన్‌స్ట్రక్షన్ 5 బైట్లు. అందులో ఉండేది అడ్రస్ కాదు, దూరం. అది కూడా 32 బిట్లే, అంటే ముందుకో వెనక్కో 2 గిగాబైట్లు. ఎంమ్యాప్ ఇచ్చిన పేజీ, మీ ప్రోగ్రాంలోని ఫంక్షన్ అంతకంటే దూరంగా ఉండడం మామూలే. పై బిట్లు తెగిపోయి ఎక్కడికో దూకుతుంది. పూర్తి 64 బిట్ల అడ్రస్‌ను రిజిస్టర్‌లో పెట్టి, ఆ రిజిస్టర్ ద్వారా పిలవండి. 12 బైట్లు పడుతుంది, ఎక్కడికైనా వెళుతుంది. దూరాన్నే వాడాలనుకుంటే 32 బిట్లలో పడుతుందో లేదో ఎమిటర్‌లోనే చెక్ చేసి, పట్టకపోతే అక్కడే ఆపేయండి. దూరాన్ని కాల్ మొదలు నుంచి కాదు, దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ నుంచి లెక్కపెట్టాలి. సరిగ్గా 5 బైట్ల తేడాతో దూకుతోందంటే కారణం ఇదే. ఆర్మ్ 64లో ఈ హద్దు ఇంకా చిన్నది, 128 మెగాబైట్లు.

పాయింటర్ ప్రింట్‌ఎఫ్ లాంటి లైబ్రరీ ఫంక్షన్ లోపల ఉంటే, ఆగిన ఇన్‌స్ట్రక్షన్ మూవ్‌ఏపీఎస్ (16తో భాగించబడే అడ్రస్ కోరేది) అయితే, స్టాక్ అలైన్‌మెంట్ తప్పింది. కాల్ చేసే ముందు స్టాక్ పాయింటర్ 16తో భాగించబడాలి. కాల్ 8 బైట్ల రిటర్న్ అడ్రస్‌ను తోస్తుంది కాబట్టి మీ ఫంక్షన్ మొదలయ్యేసరికి అది 8 తేడాతో ఉంటుంది. ఒక పుష్ చేసి కాల్ చేస్తే సరిపోతుంది, రెండు చేస్తే తప్పు. ఈ క్రాష్‌లో లైనక్స్ ఫాల్ట్ అడ్రస్‌ను 0 అని చూపిస్తుంది. అది చూసి నల్ పాయింటర్ కోసం వెతకడం మొదలుపెడితే దొరకదు, ఎందుకంటే అక్కడ నల్ పాయింటర్ లేదు. ఎమిటర్‌లో ఇప్పటిదాకా ఎన్ని బైట్లు పుష్ చేశామో లెక్క ఉంచుకుని, ప్రతి కాల్ ముందు దాన్ని సరిచేయడమే అసలైన పరిష్కారం. ఏ ఫంక్షన్‌కు ఆ ఫంక్షన్‌కు చేత్తో 8 కలుపుతూ పోతే మళ్ళీ ఇక్కడికే వస్తారు.

క్రాష్ లేదు, విలువలు మాత్రం చెత్తగా వస్తున్నాయంటే ఆర్గ్యుమెంట్లు తప్పు రిజిస్టర్లలో వెళ్తున్నాయి. లైనక్స్, మ్యాక్‌లలో మొదటి పూర్ణాంకం ఆర్‌డీఐలో, విండోస్‌లో ఆర్‌సీఎక్స్‌లో వెళ్ళాలి. విండోస్‌లో కాల్ ముందు స్టాక్ మీద 32 బైట్ల ఖాళీ కూడా వదలాలి, లేకపోతే పిలిచిన ఫంక్షన్ మీ లోకల్స్ మీద రాసేస్తుంది. లైనక్స్‌లో ప్రింట్‌ఎఫ్‌కు ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య ఇస్తే, ఎన్ని వెక్టర్ రిజిస్టర్లు వాడారో ఏఎల్ రిజిస్టర్‌లో చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు.

జిట్ ఫంక్షన్ సరిగ్గానే రిటర్న్ అవుతుంది, తర్వాత ఇంకెక్కడో పాడవుతుంది

ఆప్టిమైజేషన్ లేకుండా బిల్డ్ చేస్తే బాగుండి, ఆన్ చేస్తే లూప్ వేరియబుల్ ఉన్నట్టుండి మారిపోతోందంటే, మీ కోడ్ పిలిచినవాడి రిజిస్టర్లను తొక్కేస్తోంది. ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 దాకా వాడితే మొదట్లో దాచి చివర్లో తిరిగి పెట్టాలి. విండోస్‌లో ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఎక్స్‌ఎంఎం6 నుంచి 15 కూడా ఈ జాబితాలోకి వస్తాయి. లైనక్స్‌లో రాసిన జిట్‌ను విండోస్‌కు తెచ్చినప్పుడు మొదట విరిగేవి ఇవే.

బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ లేవు

మీ ఫంక్షన్ల పేర్లు డీబగ్గర్‌కు ఎవరూ చెప్పలేదు. జీడీబీకి జిట్ రిజిస్టర్ కోడ్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది, దాని ద్వారా సింబల్స్ ఇవ్వవచ్చు. అంత పని వద్దనుకుంటే బఫర్‌ను ఫైల్‌లోకి రాసి ఆబ్జ్‌డంప్‌తో డిసఅసెంబుల్ చేయండి. నా అనుభవంలో తొందరగా ఫలితమిచ్చేది ఇదే. అనుమానం ఉన్న చోట 204 అనే ఒక్క బైట్ ఎమిట్ చేస్తే అది బ్రేక్‌పాయింట్, డీబగ్గర్ సరిగ్గా అక్కడ ఆగుతుంది. వేగాన్ని కొలిచే పర్ఫ్ టూల్ కోసం అయితే టెంప్ ఫోల్డర్‌లో ప్రాసెస్ నంబర్‌తో ఒక మ్యాప్ ఫైల్ రాయాలి. లైనుకు ఒక ఫంక్షన్: మొదలు అడ్రస్, సైజు, పేరు.

సీ ప్లస్ ప్లస్ ఎక్సెప్షన్ జిట్ ఫ్రేమ్ దాటి వెళ్ళబోతే ప్రోగ్రాం టెర్మినేట్ అవుతుంది. స్టాక్‌ను వెనక్కి విప్పుకుంటూ వెళ్ళే దారి చెప్పే అన్‌వైండ్ సమాచారం రిజిస్టర్ చేయనంతవరకు ఇది ఇంతే. చిన్న జిట్‌లో అయితే, జిట్ కోడ్ పిలిచే సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్‌లోనే ఎక్సెప్షన్‌ను పట్టి, ఎర్రర్ కోడ్‌గా వెనక్కి ఇవ్వడం మేలు.

అన్నీ నడుస్తున్నాయి, ఇంటర్‌ప్రెటర్ కంటే నెమ్మదిగా ఉంది

ఒక్కసారి మాత్రమే నడిచే కోడ్‌ను కంపైల్ చేస్తే ఆ ఖర్చు ఎప్పటికీ తిరిగి రాదు. ఫంక్షన్‌కు ఒక కౌంటర్ పెట్టి, తరచుగా పిలిచేవాటినే కంపైల్ చేయండి. ప్రతి చిన్న ఫంక్షన్‌కూ వేరే పేజీ, వేరే ఎంప్రొటెక్ట్ వద్దు. 50 బైట్ల ఫంక్షన్‌కు 4096 బైట్లు పోతాయి, సిస్టమ్ కాల్స్ ఖర్చు అదనం. పెద్ద ముక్క ఒకటి తీసుకుని, ఒక విడతలో కంపైల్ చేసినవన్నీ పక్కపక్కన పేర్చి, పర్మిషన్ ఒక్కసారే మార్చండి.

సొంత జిట్ కాకుండా జావా సర్వర్ గంటల తర్వాత నెమ్మదించిందంటే లాగ్‌లో కోడ్ క్యాష్ (కంపైల్ చేసిన కోడ్ ఉంచే చోటు) నిండింది, కంపైలర్ ఆగిపోయింది అనే హెచ్చరిక ఉందేమో చూడండి. జావా నడిపే హాట్‌స్పాట్‌లో టియర్డ్ కంపైలేషన్ (దశలవారీ కంపైలేషన్) ఉన్నప్పుడు ఈ క్యాష్ డిఫాల్ట్ 240 మెగాబైట్లు. రిజర్వ్‌డ్ కోడ్ క్యాష్ సైజ్ ఆప్షన్‌తో పెంచవచ్చు. పెంచాక అది కూడా నిండుతూ పోతుంటే, రన్‌టైమ్‌లో క్లాసులను ఆగకుండా పుట్టిస్తున్న లైబ్రరీ ఏదో వెతకాలి.