సర్వర్ మోడల్‌ను కమాండ్ లైన్ నుంచి గుర్తించడం: సమస్య - పరిష్కారం

గుంటూరులో నేను నిర్వహణ చూసే ఒక కోల్డ్ స్టోరేజీ కార్యాలయంలో, మిర్చి టిక్కీలు లోపలికి వస్తున్న ఏప్రిల్ రోజుల్లో, లెక్కల సర్వర్‌కున్న రెండు పవర్ సప్లైలలో ఒకటి ఆగిపోయింది. కొత్తది తెప్పించాలంటే అమ్మేవారు మొదట అడిగేది సర్వర్ మోడల్. వెనుకనున్న స్టిక్కర్ మీద అక్షరాలు చెరిగిపోయాయి, గోడకు ఆనించిన ర్యాకును కదిలించాలంటే తూకం చీటీల పని ఆపాలి. నేను తొందరపడి, తెర మీద 'మోడల్ నేమ్' అని కనిపించిన వరుసను నమ్మి ఆర్డరు పెట్టాను. వచ్చిన పవర్ సప్లై ఆ పెట్టెలో పట్టలేదు. అటువంటి పొరపాటు ఇంకొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను. ఆదేశాలను పలికే తీరులోనే రాశాను. 'క్యాపిటల్' అని ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప మిగిలినవన్నీ చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

లక్షణం: యూనేమ్ జవాబులో యంత్రం పేరు లేదు

లినక్స్‌లో 'యూనేమ్ మైనస్ ఏ' అని అడిగితే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) వెర్షన్, హోస్ట్ పేరు, ఎక్స్86 అండర్‌స్కోర్ 64 అనే ప్రాసెసర్ కుటుంబం వస్తాయి కానీ, తయారీదారు పేరుగానీ మోడల్‌గానీ రావు. 'ప్రాక్' డైరెక్టరీలోని 'సీపీయూఇన్ఫో' ఫైలులో 'మోడల్ నేమ్' అనే వరుస ఉంటుంది, అది ప్రాసెసర్ పేరు మాత్రమే. నన్ను తప్పుదారి పట్టించింది అదే.

కారణం ఏమిటంటే, యూనేమ్ కెర్నల్‌ను అడుగుతుంది, కెర్నల్‌కు తాను ఏ రకం ప్రాసెసర్ మీద నడుస్తున్నదో తెలిస్తే చాలు. పెట్టె పేరు, క్రమసంఖ్య వంటి వివరాలను తయారీదారు ఫర్మ్‌వేర్‌లోని (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లోని) ఎస్‌ఎంబయోస్ అనే పట్టికలో రాసి పెడతాడు. కాబట్టి ఆ పట్టికనే చదవాలి.

రూట్ (పూర్తి నిర్వాహక) అధికారంతో 'డీఎంఐడీకోడ్ మైనస్ ఎస్ సిస్టమ్-ప్రోడక్ట్-నేమ్' అని ఇస్తే మోడల్ ఒక్కటే వస్తుంది. చివరి పదానికి బదులు 'సిస్టమ్-మాన్యుఫాక్చరర్' అంటే తయారీదారు, 'సిస్టమ్-సీరియల్-నంబర్' అంటే క్రమసంఖ్య తెలుస్తాయి. డెల్ సర్వర్లలో ఆ క్రమసంఖ్యే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్.

'పర్మిషన్ డినైడ్' అని వస్తే మీరు సాధారణ వినియోగదారుగా లాగిన్ అయ్యారని అర్థం. రూట్ పాస్‌వర్డ్ కోసం ఆగనవసరం లేదు, స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ డీఎంఐ స్లాష్ ఐడీ డైరెక్టరీలోని 'ప్రోడక్ట్ అండర్‌స్కోర్ నేమ్' ఫైలును 'క్యాట్'తో ఎవరైనా చదవవచ్చు. క్రమసంఖ్య ఉన్న ఫైలుకు మాత్రం రూట్ అధికారం తప్పదు.

లక్షణం: జవాబు వచ్చింది కానీ పనికిరాదు

'టు బి ఫిల్డ్ బై ఓఈఎం' (తయారీదారు నింపాలి) అని కనిపిస్తే, విడిభాగాలు కొని కూర్చినవారు ఆ గడిని నింపకుండా వదిలేశారన్నమాట. అప్పుడు 'బేస్‌బోర్డ్-ప్రోడక్ట్-నేమ్' అడిగి మదర్‌బోర్డు పేరుతో వెతకాలి. పేరున్న కంపెనీ సర్వర్‌లోనే క్రమసంఖ్య ఖాళీగా ఉంటే, ఎప్పుడో మదర్‌బోర్డు మార్చి పాత వివరాలను తిరిగి రాయలేదేమోనని అనుమానించాలి. సర్వర్ స్థితిని విడిగా గమనించే నిర్వహణ చిప్ ఉన్న సర్వర్లలో 'ఐపీఎంఐటూల్ ఎఫ్‌ఆర్‌యూ' ఇస్తే, ఆ చిప్ దగ్గరున్న వివరాలతో పోల్చి చూసుకోవచ్చు.

'వీఎంవేర్ వర్చువల్ ప్లాట్‌ఫామ్' లేదా 'స్టాండర్డ్ పీసీ' అని వస్తే మీరున్నది వర్చువల్ యంత్రం, అంటే అసలు సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన యంత్రం. 'సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్' దానిని నిర్ధారిస్తుంది. అసలు పెట్టె పేరు కావాలంటే దానిని నడిపే హోస్ట్ సర్వర్‌లోకి లాగిన్ అయి అడగాలి.

లక్షణం: డీఎంఐడీకోడ్ అనే ఆదేశమే లేదు

లినక్స్ అయితే ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది. ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్, సోలారిస్ వంటి పాత వాణిజ్య యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయితే దారి వేరు. ఏఐఎక్స్‌లో 'యూనేమ్ మైనస్ స్మాల్ ఎం' యంత్రపు గుర్తింపు సంఖ్యనే ఇస్తుంది, మోడల్ కావాలంటే 'క్యాపిటల్ ఎం' ఇవ్వాలి. 'ఐబీఎం,8286-42ఏ' అని వస్తే అది పవర్ ఎస్824, అందులో 8286 యంత్రం రకం, 42ఏ మోడల్. 'పీఆర్‌టీకాన్ఫ్' కూడా ఇదే చెబుతుంది, అయితే ఒకే సర్వర్‌ను అనేక విభాగాలుగా పంచి నడిపే చోట అది చూపే మెమరీ ఆ విభాగానిదే గనుక, ఆ అంకెను నమ్మి ర్యామ్ కొనకూడదు.

హెచ్‌పీ-యూఎక్స్‌లో 'మోడల్' అనే ఒక్క మాట చాలు. సోలారిస్‌లో 'పీఆర్‌టీడయాగ్ మైనస్ వీ' ఇస్తే, 'సిస్టమ్ కాన్ఫిగరేషన్' అనే మొదటి వరుసలో పేరు ఉంటుంది. ఉచితంగా దొరికే యూనిక్స్ తరహా సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలో 'సిస్‌సీటీఎల్ హెచ్‌డబ్ల్యూ డాట్ మోడల్' మళ్లీ ప్రాసెసర్ పేరే చెబుతుంది, అక్కడ వాడవలసింది 'కెన్వ్ ఎస్‌ఎంబయోస్ డాట్ సిస్టమ్ డాట్ ప్రోడక్ట్'.

మోడల్ తెలిసినా భాగం సరిపోకపోతే

ఒకే మోడల్‌కు వేర్వేరు సామర్థ్యాల పవర్ సప్లైలు ఉంటాయి. ఉదాహరణకు, డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720కు 495, 750, 1100 వాట్ల రకాలు ఉన్నాయి. రూట్ అధికారంతో 'డీఎంఐడీకోడ్ మైనస్ టీ 39' ఇస్తే, తయారీదారు ఆ పట్టికను నింపి ఉంటే, ఒక్కొక్క పవర్ సప్లై పార్ట్ నంబర్, గరిష్ఠ సామర్థ్యం కనిపిస్తాయి. మా సర్వర్‌లో పనిచేస్తున్న రెండోదాని వివరాలు అక్కడ దొరికాయి. రెండోసారి ఆర్డరులో మోడల్‌తోపాటు ఆ పార్ట్ నంబర్ కూడా రాశాను, వచ్చినది సరిగ్గా అమరింది, సర్వర్‌ను ఆపకుండానే బిగించాము.