మేడ మీద సోలార్ పెట్టించే ముందు చూసుకోవాల్సినవి (వైజాగ్ వాళ్లకి)

ముందు కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో చూడండి. నాన్నగారి పేరో పాత ఓనర్ పేరో ఉంటే ఈపీడీసీఎల్‌లో పేరు మార్పించుకున్నాకే అప్లై చేయండి, లేకపోతే తర్వాత సబ్సిడీ దగ్గర ఇబ్బంది పడతారు.

పీఎం సూర్యఘర్ (ఇంటి మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) పోర్టల్‌లో రిజిస్టరైన వెండరేనా అని కూడా చూసుకోండి. సబ్సిడీ 2 కిలోవాట్లకి 60 వేలు, 3 గానీ ఆ పైన గానీ ఎంత పెట్టినా 78 వేలే, అదీ పనంతా అయ్యాకే ఖాతాలో పడుద్ది. ప్యానెళ్లలో సెల్స్ కూడా ఇండియాలో తయారైనవే ఉండాలి, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి.

మనకి అసలు భయం గాలి, ఉప్పు. 2014లో హుద్‌హుద్ ఏం చేసిందో చూశాం కదా, అందుకే స్టాండ్ దగ్గర మాత్రం డబ్బులకి వెనకాడొద్దు. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి పూత పట్టించిన) స్టాండ్, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అడగండి. స్టాండ్‌కి మేడ మీదే డ్రిల్ వేసి కన్నం పెడితే అక్కడ జింక్ పూత లేచిపోద్ది, బీచ్ దగ్గర ఇళ్లకైతే ఆ కన్నం అంచు నుంచే తుప్పు మొదలవుద్ది, దగ్గరుండి జింక్ పెయింట్ వేయించండి. శ్లాబుకి కన్నాలు పెడితే లీకేజీ రాకుండా సీల్ చేయించడం మర్చిపోవద్దు.

ఎర్తింగ్ డీసీకి (ప్యానెళ్ల వైపు కరెంటు), ఏసీకి (ఇంట్లోకెళ్లే కరెంటు), పిడుగు కడ్డీకి వేరువేరుగా ఉండాలి.

నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునీ, బయటికి పంపిన కరెంటునీ విడిగా లెక్కేసే మీటర్) పెట్టకముందే "ఒకసారి ఆన్ చేసి చూద్దాం సార్" అంటే ఒప్పుకోకండి, పాత మీటర్ బయటికెళ్లిన యూనిట్లని కూడా వాడినట్టే లెక్కేయొచ్చు.

ఇంకోటి, బ్యాటరీ లేని సిస్టమ్ కరెంటు పోతే ఎండలో కూడా ఆగిపోద్ది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు, కాబట్టి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అమ్మేయకండి.