నెల్లూరు నుంచి మనాలి-లేహ్ సైకిల్ మీద పోవాలంటే

మనది సముద్రమట్టం బా, ఆ రోడ్డులో తంగ్‌లంగ్ లా అనే కనుమ 5,300 మీటర్ల పైన ఉంటది, కాబట్టి కాళ్ళ బలం కన్నా ముందు చూసుకోవాల్సింది ఊపిరి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, దారిలో వచ్చే కీలాంగ్‌లోనో జిస్పాలోనో ఒక రోజు ఎక్కువ ఆగండి, తలనొప్పీ వాంతులూ ఉంటే ఇంక పైకి పోవద్దు, తగ్గకపోతే కిందికి దిగేయడమే మందు.

ప్రాక్టీసుకి దోర్నాల-శ్రీశైలం ఘాట్ చాలు, కాకపోతే బ్యాగులన్నీ కట్టుకునే ఎక్కండి, ఖాళీ సైకిల్‌తో ఎక్కితే ఏం తెలీదు. అది పులుల అడవి, బాగా తెల్లారాకే బయల్దేరండి.

జులై నుంచి సెప్టెంబర్ లోపు పెట్టుకోండి. అక్కడ మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు రోడ్డు మీదికొస్తాయి, పొద్దున్నే అయితే అదే వాగు మడమల దాకే ఉంటది, అందుకే పెందలాడే దాటేయాలి. స్పేర్ బ్రేక్ ప్యాడ్లు, చైన్ లింకు తప్పనిసరి. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పని చెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. టెంట్ ధాబాల్లో పప్పన్నం, మ్యాగీ దొరుకుతాయి, ఓ కారప్పొడి పొట్లం మాత్రం బ్యాగులో పడేసుకోండి.