వానాకాలం మూలన పడి ఉన్న ఇంజన్ వెల్డింగ్ మిషన్‌ను స్టార్ట్ చేసే విధానం

కోనసీమలోను, నరసాపురం, భీమవరం వైపు చెరువుల మీదను కరెంటు అందని చోట షెడ్డు స్తంభానికో, తూము తలుపుకో అతుకు వేయాలంటే నేటికీ చాలామందికి పాత డీజిల్ వెల్డింగ్ మిషనే దిక్కు. వానలన్నాళ్లూ పట్టా కింద ఉండిపోయిన మిషన్‌ను బయటికి లాగి వెంటనే హ్యాండిల్ అందుకోవడం తగదు. ఉప్పుగాలి, తేమ ఇంజన్ కంటె జనరేటర్‌కే ఎక్కువ చేటు చేస్తాయి గనుక, ఇంజన్ ఆగి ఉన్నప్పుడే చూడవలసినవి ఎక్కువ. ఇక్కడ చెప్పేది హ్యాండిల్‌తో తిప్పే ఇంజన్‌కు కార్బన్ బ్రష్‌ల డీసీ జనరేటర్ బిగించిన రకం గురించి.

ముందుగా సైలెన్సర్ మూతి చూడాలి. దానిపై కొబ్బరి చిప్పో, డబ్బానో బోర్లించి లేకపోతే వాననీరు తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగి ఉండవచ్చు. పిస్టన్ మీద నిలిచిన నీరు నొక్కితే అణగదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అందువల్ల సిలిండర్‌లో ఒత్తిడి పట్టకుండా వాల్వును తెరిచి ఉంచే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్‌ను రెండు పూర్తి చుట్లు మెల్లగా తిప్పి, ఎక్కడైనా పట్టేసినట్లనిపిస్తే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి నీటిని బయటికి వెళ్లనివ్వాలి. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలు కలిసిన రంగులో కనిపిస్తే మార్చవలసిందే.

తరువాత డీజిల్ పంపు ర్యాక్, అంటే ఇంజన్‌కు అందే డీజిల్‌ను పెంచి తగ్గించే కడ్డీ. నెలల తరబడి కదలని ర్యాక్ బిగుసుకుపోయి, స్టార్ట్ కాగానే ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తవచ్చు. స్టాప్ లివర్ లాగి వదిలితే ర్యాక్ తేలికగా వెళ్లి రావాలి. అప్పటికీ ఎయిర్ క్లీనర్ దారిని మూసేందుకు ఒక చదునైన చెక్క దగ్గర ఉంచుకోవడం మంచిది. ఆ పనికి అరచేయి ఎన్నడూ పెట్టరాదు.

జనరేటర్ కిటికీ మూత తీస్తే కమ్యుటేటర్, అంటే కార్బన్ బ్రష్‌లు ఆనుకొని ఉండే రాగి పట్టీల గుండ్రని భాగం, కనిపిస్తుంది. రాగి పట్టీలు నున్నని ముదురు గోధుమ రంగులో ఉంటే వాటి జోలికి పోనక్కరలేదు. పచ్చని చిలుము పట్టి ఉంటే సన్నని గ్లాస్ పేపర్‌తో రుద్ది, పొడిని ఊది తీసివేయాలి. ఎమరీ పేపర్ వాడకూడదు, దాని రేణువులు పట్టీల మధ్య చేరి షార్ట్ చేస్తాయి. ఒక్కొక్క బ్రష్‌ను తోకతీగ పట్టుకొని కొద్దిగా పైకి లాగి వదిలితే స్ప్రింగు దానిని టక్కున కిందికి దించాలి. ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూసినప్పుడు వైండింగ్‌కు (లోపలి తీగచుట్లకు), బాడీకి మధ్య ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటె తక్కువ వస్తే లోపల తేమ ఉన్నట్లే; మూత తెరిచి ఎండలో ఉంచి, రాత్రిపూట లోపలి వైపు ఒక పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలిగించి ఆరబెట్టాలి.

డీజిల్ ట్యాంకు అడుగు కాక్ తెరిచి నీటిని వదిలివేయాలి. ఆపైన ఫిల్టర్ దగ్గరి స్క్రూను, పంపు దగ్గరి స్క్రూను వరుసగా వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీయాలి. హ్యాండిల్ తిప్పుతుంటే నాజిల్ కిర్రుమంటే డీజిల్ అందుతున్నట్లు. బొటనవేలిని హ్యాండిల్‌కు చుట్టకుండా, మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి, ఎదురు తన్నితే మణికట్టు దక్కుతుంది. ఊపు అందాక డీకంప్రెషన్ లివర్ వదలాలి.

కేబుళ్లకు పని పెట్టకుండా ఐదు నిమిషాలు నడిపి, వోల్ట్‌మీటర్ పెట్టి చూడాలి. వెల్డింగ్ చేయనప్పుడు ఉండే ఈ ఖాళీ వోల్టేజీ సాధారణంగా 60 నుంచి 90 వోల్టుల మధ్య ఉంటుంది. ఇంజన్ చక్కగా తిరుగుతున్నా వోల్టేజీ సున్నా దగ్గరే ఆగితే, జనరేటర్ లోపలి ఇనుప పోల్స్‌లో మిగిలి ఉండవలసిన అయస్కాంతత్వం పోయిందని అనుమానించాలి. అప్పుడు ఇంజన్ ఆపి, బ్రష్‌లు ఎత్తి, షంట్ ఫీల్డ్ (ఆ పోల్స్‌కు చుట్టిన తీగచుట్టు) కొసలకు 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ సరిచూసి కొన్ని సెకన్లు తాకించాలి. తారుమారైతే వెల్డింగ్ రాడ్డు ధ్రువత్వం (ప్లస్, మైనస్) కూడా తారుమారవుతుంది. చెరువు గట్టు తడిగా ఉన్నప్పుడు ఆ ఖాళీ వోల్టేజీయే ప్రాణాల మీదికి తేగలదు. పొడి చెక్క మీద నిలబడి, రబ్బరు బూట్లు, పొడి తోలు గ్లౌజులు తొడుక్కున్నాకే రాడ్డును హోల్డర్‌లో పెట్టాలి.